నాలుగు వారాలుగా కాటా కదలట్లేదు, ఇక్కడితో ఆపేయాలనిపిస్తోంది

కొత్తచిగురు | రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. వయసు 37, ఎత్తు 168 సెంటీమీటర్లు. పదకొండు వారాల క్రితం 91.4 కిలోల దగ్గర మొదలుపెట్టాను. మొదటి రెండు వారాల్లోనే మూడు కిలోలు దిగాయి. ఆ ఊపు చూసి ఆరు నెలల్లో 70కి వచ్చేస్తానని కాగితం మీద లెక్క కూడా వేసుకున్నాను. తర్వాత నెమ్మదించింది. ఏడో వారానికి 86. ఇక అక్కడినుంచి 85.8, 86.3, 85.9, 86.1. నాలుగు వారాలుగా ఇవే అంకెలు. పొద్దున్నే కాటా ఎక్కడం, దిగడం, ఆ రోజంతా దిగులుగా ఉండటం.

రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నాను. తినేది కొలుచుకునే తింటున్నాను. నిన్న రాత్రి మాత్రం ఉక్రోషంతో కడుపు పట్టనంత తిన్నాను. తిన్నాక ఏడుపొచ్చింది.

ఓపిక పట్టు, ఓపిక పట్టు అని ఇంట్లోవాళ్ళూ అంటారు, ఆఫీసులోవాళ్ళూ అంటారు. ఎన్నాళ్ళు పట్టాలో, ఎలా పట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. అది తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి. నిజంగా అడుగుతున్నాను.

మెట్లదారి | రాత్రి 11:05

కొత్తచిగురు గారూ, ముందు నిన్న రాత్రి సంగతి వదిలేయండి. ఒక్క పూట తిండి పదకొండు వారాల పనిని చెరిపేయలేదు. రేపు పొద్దున కాటా ఎక్కితే కిలో, కిలోన్నర ఎక్కువ చూపించవచ్చు. అందులో చాలావరకు ఉప్పు పట్టి ఉంచిన నీరు, ఇంకా అరగని తిండి. నాలుగు రోజులు దాని జోలికి వెళ్ళకండి.

ఇక మీ మొదటి మూడు కిలోల గురించి కాస్త వివరంగా రాస్తాను, చాలామంది మనసు విరిగేది ఇక్కడే. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. పెద్దవాళ్ళలో సుమారు అర కిలో. ఒక్కో గ్రాము తనతో పాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే శరీరం ముందు ఈ నిలవకే చెయ్యి పెడుతుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది. కాబట్టి ఆ మూడు కిలోల్లో నీటి వాటా పెద్దదే అయ్యుంటుంది. ఆ వేగమే ఎప్పటికీ ఉంటుందనుకుని మీరు ఆరు నెలల లెక్క వేశారు. మిమ్మల్ని తప్పుదారి పట్టించింది ఆ మొదటి పక్షం రోజులే.

రెండో సంగతి. కిలో కొవ్వంటే సుమారు 7,700 క్యాలరీలు. మీరు రోజుకు 300 క్యాలరీలు తక్కువ తింటున్నారనుకుందాం. నాలుగు వారాలకు 8,400, అంటే కిలో పైచిలుకు కొవ్వు. ఒంట్లో నీరు చూస్తే ఒక్క రోజులోనే కిలో అటూ ఇటూ అవుతుంది. నెల రోజుల కష్టం మొత్తం ఆ ఊగిసలాట వెనక దాక్కోగలదు. రోజువారీ అంకెను పట్టించుకోకుండా వారం మొత్తానికి సగటు తీసి, సగటును సగటుతో పోల్చుకోండి.

ఒక ప్రశ్న. ఈ నాలుగైదు వారాల్లో కొత్తగా ఏమైనా మొదలుపెట్టారా? కొత్త వ్యాయామం, కొత్త మందు, నిద్ర వేళల్లో మార్పు, ఏదైనా సరే.

వేగమే_మేలు | రాత్రి 11:31

ఇన్ని లెక్కలు ఎందుకండీ. నేను రోజుకు 800 క్యాలరీలకు దిగిపోయాను. మూడు వారాల్లో ఏడు కిలోలు పోయాయి. కాటా కదలనప్పుడు గట్టిగా తోయాలి. నెమ్మదిగా చేస్తే ఉత్సాహం చచ్చిపోతుంది, అది నా అనుభవం.

రాత్రివార్డు | తెల్లవారుజాము 3:20

వేగమే_మేలు గారూ, మీకు పని చేసిందని చెప్పడంలో తప్పు లేదు. కానీ నేను నర్సుని, ఇది చూస్తూ ఊరుకోలేను. 800 క్యాలరీల పద్ధతి వైద్యంలోనూ ఉంది. దాన్ని డాక్టరు పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చూసుకుంటూ, కొద్ది వారాలకే చేయిస్తారు. ఎవరికి వారు చేసేది కాదు. వారానికి కిలోన్నర కంటే వేగంగా తగ్గేవాళ్ళలో పిత్తాశయంలో రాళ్ళు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. వారానికి అర కిలో నుంచి కిలో అని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

కొత్తచిగురు గారూ, నిన్న రాత్రి గురించి మీకొక సంగతి చెప్పాలి. 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశారు. వాళ్ళంతా తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళే. 24 వారాల పాటు వాళ్ళకు తిండి బాగా తగ్గించారు. బరువు నాలుగో వంతు తగ్గింది. దాంతో పాటు పగలూ రాత్రీ తిండి ధ్యాసే పట్టుకుంది. వంటల పుస్తకాలు సేకరించుకున్నారు, పళ్ళెం ముందు గంటల తరబడి కూర్చున్నారు, చికాకు, దిగులు. ప్రయోగం అయ్యాక కొందరు ఎంత తిన్నా ఆకలి తీరలేదు. వాళ్ళేమీ మనోబలం లేనివాళ్ళు కాదు. ఆకలిగా ఉంచిన శరీరం అలాగే చేస్తుంది. మీరు తిన్నదానికి సిగ్గుపడకండి. మీ రోజువారీ తిండి మరీ తక్కువగా ఉందేమో మాత్రం చూసుకోండి.

వేగమే_మేలు | ఉదయం 7:48

నర్సు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. రాత్రి ఒక సంగతి రాయకుండా వదిలేశాను. ఆ ఏడు కిలోల్లో ఐదు రెండు నెలల్లో తిరిగొచ్చాయి. ఇప్పుడు మళ్ళీ దిగుదామని చూస్తున్నాను. జుట్టు కూడా బాగా ఊడింది, దీనివల్లే అని అప్పుడు తట్టలేదు. నేను చెప్పిన పద్ధతి ఎవరూ చేయకండి. ఇకనుంచి నేను కూడా ఈ చర్చలో వినేవాడినే.

కొత్తచిగురు | ఉదయం 8:15

అందరికీ కృతజ్ఞతలు. పొద్దున లేచి ఇన్ని సమాధానాలు చూసేసరికి ధైర్యం వచ్చింది.

మెట్లదారి గారూ, అవును. సరిగ్గా ఐదు వారాల క్రితం డంబెల్స్ మొదలుపెట్టాను. వారానికి మూడు రోజులు. మొదట్లో రెండేసి రోజులు ఒళ్ళునొప్పులు ఉండేవి. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని అనుకోలేదు.

మెట్లదారి | ఉదయం 8:40

అదే నేను అనుమానించింది! అలవాటు లేని బరువులు ఎత్తితే కండరాల్లో చిన్న చిన్న గాయాలవుతాయి. అవి మానడానికి శరీరం అక్కడ నీటిని చేరుస్తుంది. పైగా పని పెరిగిన కండరం గ్లైకోజెన్ ఎక్కువ నిలవ చేసుకుంటుంది, దాని వెంట నీరూ వస్తుంది. మొదటి కొన్ని వారాలు కాటా మీద ఇది కనబడుతుంది. లోపల కొవ్వు తగ్గుతున్నా బయటికి తెలియదు.

నడుము చుట్టుకొలత ఎంత? మొదట్లో ఎంత ఉండేది?

కొత్తచిగురు | ఉదయం 8:52

మొదట్లో కొలవలేదు. ఇప్పుడే కొలిస్తే 98 సెంటీమీటర్లు. అయితే మీరు అడిగాక గుర్తొచ్చింది. రెండు నెలల క్రితం ఊపిరి బిగబట్టి పెట్టుకున్న ప్యాంటు హుక్కు ఇప్పుడు మామూలుగా పడుతోంది. రోజూ వేసుకునేదే, అయినా నేను గమనించలేదు. కాటా మీదే ధ్యాసంతా పెట్టుకున్నాను.

ఇద్దరమ్మ | ఉదయం 11:10

చెల్లీ అనొచ్చో తమ్ముడూ అనొచ్చో తెలియట్లేదు. ఆడవాళ్ళైతే మాత్రం ఇంకో లెక్క ఉంది. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరుతుంది. నాకైతే కిలోన్నర దాకా పెరుగుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చుకుని ఏడాది పాటు అనవసరంగా బాధపడ్డాను. ఇప్పుడు నెలసరి అయిన వారాన్ని కిందటి నెల అదే వారంతో పోలుస్తాను. అప్పుడే అసలు తగ్గుదల తెలుస్తుంది.

నిద్ర సంగతి కూడా చెప్పమ్మా. 2010లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం ఉంది, పదిమందితోనే చేశారు. అదే తిండి, ఒక విడత ఎనిమిదిన్నర గంటల పడక, ఇంకో విడత ఐదున్నర గంటలు. రెండుసార్లూ తగ్గిన బరువు ఇంచుమించు ఒకటే. కానీ నిద్ర తక్కువైనప్పుడు తగ్గినదాంట్లో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది, కండ ఎక్కువ పోయింది. చిన్న పిల్ల ఉన్న రోజుల్లో నాకు ఏదీ ఎందుకు పని చేయలేదో అది చదివాక అర్థమైంది. ఆ ఏడాది నన్ను నేను ఎంత తిట్టుకున్నానో. నిద్రే లేని మనిషి మీద అంత బరువు మోపకూడదని ఇప్పుడు తెలుసు.

కొత్తచిగురు | మధ్యాహ్నం 1:30

చెల్లినే అక్కా. నిద్ర ఆరు గంటలు కూడా ఉండట్లేదు. పొద్దున నడక కోసం ఐదింటికి లేస్తున్నాను, పడుకునేసరికి పన్నెండు.

లెక్కల_పంతులు | మధ్యాహ్నం 2:22

చిన్న లెక్క ఒకటి. మిఫ్లిన్ సూత్రం ప్రకారం మీ ఎత్తుకీ వయసుకీ 91.4 కిలోల దగ్గర శరీరం ఊరికే ఉన్నా రోజుకు 1,618 క్యాలరీలు ఖర్చు చేస్తుంది. 86 దగ్గర 1,564. తేడా 54. నడకలో మోసే బరువు కూడా తగ్గింది కాబట్టి అక్కడా కొంచెం తగ్గుతుంది. అంటే మొదటి రోజు తిన్నంతే ఇప్పుడూ తింటే తగ్గే వేగం సహజంగానే మందగిస్తుంది. ఇందులో మీ లోపమేమీ లేదు.

ఆరు నెలల్లో 70 అన్న లెక్క కూడా చూశాను. 21.4 కిలోలు, 26 వారాలు. రోజుకు 900 క్యాలరీల పైన తగ్గించాలి. మీ శరీరానికి అది భరించరాని లోటు. ఆ కాగితం చించేయండి.

రెండోసారి | సాయంత్రం 6:45

చెల్లెమ్మా, నేను చెప్పేది మిగతావాళ్ళు చెప్పినదానికి ఇంకో వైపు. నేను 19 కిలోలు తగ్గాను. పద్నాలుగు తిరిగి పెరిగాను. ఇప్పుడు మళ్ళీ పదకొండు తగ్గి మూడేళ్ళుగా అక్కడే నిలబడ్డాను. మొదటిసారి తగ్గడం నాకు కష్టమనిపించలేదు. లక్ష్యం అంకె చేరిన రోజున చుట్టుపక్కలవాళ్ళంతా మెచ్చుకున్నారు. మర్నాటినుంచి ఇక పని అయిపోయిందనుకున్నాను. నడక ఆగింది. తూకం చూసుకోవడం ఆగింది. ఆరు నెలల తర్వాత పాత బట్టలు బయటికి తీయాల్సి వచ్చింది. ఆ రోజు అల్మరా ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలుసు.

అప్పుడు నాకు క్రమశిక్షణ లేదనే అనుకున్నాను. తర్వాత చదివాను. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో బరువు తగ్గినవాళ్ళ రక్తంలో ఆకలి హార్మోన్లు ఏడాది తర్వాత కూడా పాత స్థితికి రాలేదు. ఆకలి పెంచే గ్రెలిన్ ఎక్కువగానే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తక్కువగానే ఉన్నాయి. అంటే మనం లక్ష్యం చేరిన రోజున శరీరం ఇంకా పోయింది వెనక్కి తెచ్చుకునే పనిలోనే ఉంటుంది. ఈ సంగతి ముందే తెలిసుంటే ఆ రోజు నడక ఆపేవాడిని కాదు.

ఇంకో సంగతి. 1994లో రెనా వింగ్, జేమ్స్ హిల్ అనే ఇద్దరు అమెరికాలో ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదైనా నిలబెట్టుకున్నవాళ్ళే అందులో చేరొచ్చు. వేలమంది చేరారు. వాళ్ళు తగ్గిన దారులు రకరకాలు. నిలబెట్టుకునేటప్పుడు మాత్రం ఎక్కువమంది అలవాట్లు ఒకేలా ఉన్నాయి. రోజుకు సుమారు గంట ఒంటికి పని, కనీసం వారానికొకసారి తూకం. రెండేళ్ళు దాటించినవాళ్ళకు మళ్ళీ పెరిగే ప్రమాదం బాగా తగ్గుతుందని కూడా వాళ్ళు గమనించారు. నేను ఆ రెండేళ్ళ గీత దాటిన రోజు ఎవరికీ చెప్పలేదు, మామూలుగానే నడకకు వెళ్ళొచ్చాను. కానీ లోపల చాలా సంతోషంగా ఉంది.

ఎన్నాళ్ళు ఓపిక పట్టాలని అడిగావు కదా. నాకైతే ఆ ప్రశ్న మారిపోయింది. ఇప్పుడు చేస్తున్నది పదేళ్ళ తర్వాత కూడా చేయగలనా అని చూసుకుంటాను. చేయలేననిపిస్తే తగ్గించుకుంటాను. ఐదింటికి లేచి, పన్నెండింటికి పడుకుని నడవడం పదేళ్ళు చేయగలవా అమ్మా?

గాలివాన | సాయంత్రం 7:10

నాదీ ఇదే పరిస్థితి. చదువుతున్నాను, ఆపకండి.

లెక్కల_పంతులు | రాత్రి 8:05

రెండోసారి గారి మాటకు కొనసాగింపు. అలవాటు కావడానికి 21 రోజులు చాలని ఎక్కడ చూసినా రాస్తుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో ప్రచురించిన ఫలితం వేరు. మధ్యస్థంగా 66 రోజులు. కొందరికి 18 చాలాయి. కొందరి విషయంలో 254 దాకా పట్టేటట్టుగా తేలింది. తేలికైన పనులు త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామం లాంటివి ఆలస్యంగా. నాకు అందులో బాగా నచ్చింది ఇంకొకటి. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటం పెద్దగా దెబ్బతినలేదు. "ఎలాగూ తప్పింది కదా" అని మిగతా వారమంతా వదిలేసే మన బుద్ధికి ఆ ఫలితం చూపించాలి.

రాత్రివార్డు | రాత్రి 9:30

డ్యూటీకి వెళ్ళే ముందు రెండు మాటలు.

మొదటిది, ఓపిక పట్టకూడని చోట్లు కొన్ని ఉంటాయి. విపరీతమైన నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, నెలసరి లెక్క తప్పడం, ముఖం మీద అవాంఛిత రోమాలు, ఇవేవైనా ఉంటే డాక్టరుకు చూపించి థైరాయిడ్ పరీక్ష, పీసీఓఎస్ (ఆడవాళ్ళ అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) సంగతి అడగండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వైద్యపు మందులు కూడా బరువు పెంచుతాయి. అలాగని ఎవరూ మందులు సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరుతో మాట్లాడండి. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం వస్తే ఆ రోజే వెళ్ళాలి. అతిగా తినేయడం, ఏడవడం పదే పదే అవుతుంటే దానికీ వైద్యం ఉంది.

రెండోది, మీరు ఫలితం లేదన్నారు, దాని గురించి. 2002లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మధుమేహం వచ్చే ప్రమాదం ఎక్కువున్న 3,234 మంది పాల్గొన్నారు. తిండి, నడక మార్చుకున్న జట్టుకు పెట్టిన లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లాంటి పని. వాళ్ళు సగటున తగ్గింది 5.6 కిలోలే. మధుమేహం రావడం మాత్రం 58 శాతం తగ్గింది. మీరిప్పటికే 5.4 కిలోలు తగ్గారు, దాదాపు 6 శాతం. 70 చేరేదాకా ఏమీ జరగనట్టు చూస్తున్నారు. మీ కాటా చూపించని మార్పు మీ ఒంట్లో ఈపాటికే జరుగుతుండవచ్చు.

గాలివాన | రాత్రి 9:41

ఎవరికైనా తెలుసా, తగ్గిన కొవ్వు అసలు ఎక్కడికి పోతుంది? చెమటలోనా?

లెక్కల_పంతులు | రాత్రి 9:58

ఎక్కువ భాగం ఊపిరిలో పోతుందండీ. ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లో లెక్క కట్టి చూపించారు. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల ద్వారా, మిగతా 1.6 కిలోలు నీరుగా బయటికి పోతాయి. ఊరికే గట్టిగా ఊపిరి పీలిస్తే తగ్గరు, శరీరం కొవ్వును ఖర్చు చేయాలి. అయినా కిలోల కొద్దీ బరువు ఒక్కో ఊపిరితో వెళ్తోందంటే ఎంత నెమ్మదైన పనో ఆలోచించండి.

కొత్తచిగురు | రాత్రి 10:20

ఇవాళ మూడు మార్పులు చేసుకున్నాను. నడక సాయంత్రానికి మార్చాను, పదిన్నరకే పడుకుంటాను. కాటా రోజూ ఎక్కినా సగటు మాత్రమే రాసుకుంటాను. మూడోది రెండోసారి అన్నయ్య ప్రశ్న వల్ల. బాగోలేని రోజు కోసం పది నిమిషాల నడక అని చిన్న కొలత పెట్టుకున్నాను. ఆ పది అయితే చాలు, ఆ రోజు లెక్కలోకి వస్తుంది. డాక్టరు అపాయింట్‌మెంటు కూడా తీసుకున్నాను.

ఇద్దరమ్మ | రాత్రి 10:31

ఆ పది నిమిషాలు నన్ను నిలబెట్టాయమ్మా. మంచి పని చేశావు.

కొత్తచిగురు | ఆరు వారాల తర్వాత, ఉదయం 7:05

చెప్పి వెళ్ళాలని వచ్చాను. థైరాయిడ్ మామూలుగానే ఉంది. మధ్యలో జ్వరం వచ్చి తొమ్మిది రోజులు నడవలేదు. పాత నేనైతే అక్కడితో అయిపోయేది. పదో రోజు పది నిమిషాలు నడిచాను, పదకొండో రోజు పన్నెండు. వారపు సగటు 84.3. మూడో వారం దాకా ఏమీ కదల్లేదు, ఆ తర్వాత ఒక్క వారంలోనే దాదాపు కిలో దిగింది. నడుము 94.5. రాత్రి తిండి మీద విరుచుకుపడటం ఒక్కసారి జరిగింది, మర్నాడు మామూలుగానే తిన్నాను. మొదట్లో ఎత్తలేని డంబెల్ ఇప్పుడు పన్నెండుసార్లు ఎత్తుతున్నాను.

70 ఎప్పుడొస్తుందో తెలియదు. ఇప్పుడు దాని గురించి రోజూ ఆలోచించట్లేదు.

వేగమే_మేలు | ఉదయం 9:12

చాలా సంతోషం. నేను ఈ ఆరు వారాల్లో రెండున్నర కిలోలే తగ్గాను, కానీ ఆకలితో నిద్ర లేచిన రాత్రి ఒక్కటీ లేదు.

గాలివాన | ఉదయం 9:40

కొత్తచిగురు గారూ, నాకు మూడు వారాలుగా బరువు ఆగిపోయింది. టేపు కొన్నాను. నడుము ఎక్కడ కొలవాలి? ఒక్కోసారి ఒక్కో అంకె వస్తోంది.

కొత్తచిగురు | ఉదయం 9:55

చివరి పక్కటెముక అంచు ఒకటి, తుంటి ఎముక పైఅంచు ఒకటి, రెండూ వేలితో తడిమి చూసుకోండి. వాటికి సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. బిగించకండి, నేలకు సమాంతరంగా ఉండాలి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. పొద్దున ఏమీ తినకముందు, రెండు వారాలకొకసారి చాలు.

ఈ మూడు వారాల్లో కొత్తగా ఏమైనా మొదలుపెట్టారా?